బలంగిగ గంటలు: అసలు ముడి పడింది 1999లో

వలస పాలకులు ఎత్తుకుపోయిన వస్తువులను తిరిగి ఇవ్వాలన్న చర్చ వచ్చిన ప్రతిసారీ ఫిలిప్పీన్స్‌లోని బలంగిగ పేరు వినిపిస్తుంది. సమార్ దీవిలో చిన్న ఊరు. ఇవాళ ఆ ఊరికి గుర్తు చర్చి గంటలే. మూడు గంటలు, వాటి మీద 1853, 1889, 1895 అని మూడు సంవత్సరాలు.

ఫిలిప్పీన్స్ అమెరికా ఆక్రమణలో ఉన్నప్పుడు, 1901 సెప్టెంబరు 28న బలంగిగలో జరిగిన దాడి చాలామంది విన్నదే. గంట మోగింది, టిఫిన్ చేస్తున్న అమెరికా సైనికుల మీద ఊరివాళ్లు విరుచుకుపడ్డారు, 48 మంది చనిపోయారు. అంతకుముందు సైనికులు ఊరి మగవాళ్లను గుడారాల్లో కుక్కి వెట్టిచాకిరీ చేయించిన సంగతి అంతగా వినిపించదు. ఆ దాడికి ప్రతీకారంగా పదేళ్లు దాటినవాళ్లను చంపెయ్యమన్న అమెరికా జనరల్ జేకబ్ స్మిత్‌కు కోర్టు మార్షల్‌లో పడిన శిక్ష మందలింపు. తర్వాత రిటైర్ చేశారు, అంతే.

చర్చి గంటలను అమెరికా సైనికులు ఎత్తుకుపోయారు. వాటిలో రెండు అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలోని షయెన్ సైనిక స్థావరానికి చేరాయి. మూడోది అమెరికా సైన్యపు 9వ పదాతి దళం వెంట తిరిగి చివరికి దక్షిణ కొరియాలో తేలింది.

1990ల్లో ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు రామోస్ రాజీకి వచ్చారు. షయెన్‌లోని రెండింటికీ నకళ్లు పోయించి, చెరో అసలు, చెరో నకలు ఉంచుకుందామన్నారు. అమెరికా మాజీ సైనికుల సంఘాలు ఒప్పుకోలేదు. తమవాళ్ల చావుకు మోగిన గంటలని వాళ్ల బాధ. 1999లో అమెరికా కాంగ్రెస్ రక్షణ చట్టంలో ఒక నిబంధన చేర్చింది: ప్రత్యేక చట్టం లేనిదే మాజీ సైనికుల స్మారక వస్తువులను విదేశాలకు ఇవ్వకూడదు. నా లెక్కలో గొడవంతటికీ మూలం ఇదే. బాప్తిస్మాలకూ అంత్యక్రియలకూ పూజకూ మోగాల్సిన గంటలు కాగితం మీద సైన్యం జ్ఞాపకాలైపోయాయి. ఊరివాళ్ల మాటకు అందులో చోటే లేదు.

2017లో అప్పటి ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు దుతెర్తె జాతినుద్దేశించిన ప్రసంగంలో గంటలు వెనక్కి ఇవ్వమని గట్టిగా అడిగారు. అమెరికా చట్టం సడలింది. 2018 డిసెంబరులో మూడూ బలంగిగ చేరాయి.

కానీ గంటలు చూసి గుర్తుంచుకునే వస్తువులన్న ఆలోచన ఈసారి మనీలాలో తలెత్తింది. ఒక గంటను జాతీయ మ్యూజియంలో పెట్టాలని ఫిలిప్పీన్స్ సెనేట్‌లో తీర్మానం వచ్చింది. బలంగిగ చర్చిని చూసుకునే బొరొంగాన్ డయోసిస్ (కాథలిక్ బిషప్ పరిధి) ససేమిరా అంది. ఇవి పవిత్ర వస్తువులు, చర్చిలోనే ఉండాలి, మోగాలి అన్నది వాళ్ల వాదన. నూరేళ్లకు పైగా ఎదురుచూసిన విశ్వాసులను మళ్లీ ఒక గంటను వదులుకోమనడం ఏం న్యాయం? ఆ ప్రతిపాదన ముందుకు సాగలేదు.