విమానంలో వెచ్చదనం, దాని వెంట దూరే విషం

చిరంజీవులకు ఆశీస్సులు.

సొంతంగా కట్టుకునే చిన్న విమానంలో హీటరు ఎలా పనిచేస్తుందని అడిగారు. బెజవాడ ఎండల్లో హీటరేమిటని నవ్వుకోకండి. వెయ్యి అడుగులు ఎక్కితే సుమారు 2 డిగ్రీలు తగ్గుతుంది. డిసెంబరు పొద్దున గన్నవరంలో 20 డిగ్రీలుంటే పదివేల అడుగుల ఎత్తున సున్నా దగ్గరికొస్తుంది.

ఆ వేడి ఇంజను పొగగొట్టానిదే. గొట్టం చుట్టూ స్టీలు రేకు తొడుగు బిగిస్తారు. బయటి గాలి తొడుగులో దూరి, వేడెక్కి, కేబిన్‌లోకి వెళ్తుంది. మనం పీల్చే గాలికీ పొగకీ మధ్య అడ్డం దాదాపు ఒక మిల్లీమీటరు లోహమే. అది పగిలితే వచ్చేది కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. 2019 జనవరిలో ఇంగ్లిష్ ఛానల్‌లో కూలిన విమానంలో చనిపోయిన ఫుట్‌బాల్ ఆటగాడు ఎమిలియానో సాలా రక్తంలో హీమోగ్లోబిన్ 58 శాతం ఈ వాయువు చేతిలోనే ఉంది. అది ఫ్యాక్టరీలో తయారైన విమానం!

తొడుగు కింద పగులు పైకి కనపడదు. అందుకే ఏటా తొడుగు విప్పాల్సిందే. పైపైన చూసి సరేననుకుంటే చూడనట్టే. ఇంజను చల్లారాక వాక్యూమ్ క్లీనరు గాలి ఊదే వైపు పొగగొట్టం మూతికి పెట్టి, అంతటా సబ్బునీళ్ళు రాయండి. గొట్టాలు ఒకదానిలో ఒకటి జారే జాయింట్ల దగ్గర కాస్త బుడగలు మామూలే. వెల్డింగ్ మీదో, ఒట్టి రేకు మీదో వస్తే ఆ గొట్టం ఎగరకూడదు. గొట్టం మీద పెన్సిల్‌తో మాత్రం గుర్తులు పెట్టకండి. వేడికి ఆ కార్బన్ లోహంలోకి దిగి, గీసినచోటే పగులుతుంది.

ఇంజనుకీ కేబిన్‌కీ మధ్యనుండే గోడ ఫైర్‌వాల్. దానిలోంచి వైర్లు, కేబుళ్ళు వెళ్ళే ప్రతి కన్నాన్నీ మంటకు తట్టుకునే సీలెంటుతో మూయాలి. చీకట్లో ఇంజను వైపు గట్టి లైటు పెట్టి కేబిన్‌లో కూర్చోండి, మిగిలిన కన్నాలు వాటంతటవే కనపడతాయి. వేడిగాలి కవాటం స్టీలుదై ఉండాలి. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. హీటరు కట్టేసినప్పుడు కవాటం ఆ గాలిని బయటికి వదిలెయ్యాలి. ఆపేస్తే తొడుగులో గొట్టం మరీ కాగి, పగులు తొందరపడుతుంది.

ఇవన్నీ చేసినా పొగ వస్తోందంటే వెనక్కి చూడండి. చాలామంది ముందువైపే వెతుకుతారు. ఎగిరేటప్పుడు కేబిన్‌లో పీడనం తరచు బయటికన్నా తక్కువ. పరిగెత్తే ఆర్టీసీ బస్సు రేపిన దుమ్ము వెనక కిటికీల్లోంచి దాని లోపలికే వచ్చినట్టు, విమానం పొట్ట కింద జారిన పొగ తోకలోని కన్నాల్లోంచీ తలుపు సందుల్లోంచీ దూరుతుంది. ఆ సందులు మూయండి. పొగగొట్టం మూతిని పొట్టకు దూరంగా కిందికి పొడిగించండి.

ఈ వాయువు తగిలితే రంగు మారే కార్డు చవకే, కానీ కొన్ని నెలలకే పనికిరాకుండా పోతుంది, పైగా మనమే దాన్ని చూడాలి. మోగే ఎలక్ట్రానిక్ మీటరే పెట్టుకోండి. హీటరు తెరిచి, మూసి, పైకెక్కుతూ, దిగుతూ విడివిడిగా అంకెలు రాసుకోండి. గాలిలో ఇంధనం ఎక్కువగా కలిపి పైకెక్కేటప్పుడు విషం ఎక్కువ పుడుతుంది. అమెరికా నిబంధనల్లో చిన్న విమానాల కేబిన్‌కు 2017 దాకా ఉన్న హద్దు 20,000 భాగాల్లో 1, అంటే 50 పీపీఎం (పది లక్షల భాగాల్లో 50).

మోగితే హీటరు కట్టెయ్యండి, బయటిగాలి వెంట్లు పూర్తిగా తెరవండి, దగ్గర్లోని విమానాశ్రయంలో దిగండి. దిగాక తల తేలికైందని అదేరోజు మళ్ళీ ఎగరొద్దు. మామూలు గాలిలో ఆ విషం రక్తంలో సగానికి తగ్గడానికే నాలుగైదు గంటలు పడుతుంది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెడితే ఇంకా త్వరగా దిగుతుంది.

ఇట్లు,
మీ తాతయ్య