డబ్బా మీది లేబుల్, ఫోనులోని ఫొటో: డిజైన్ సూత్రాలపై అపోహలు - వాస్తవాలు

సరుకుల లేబుళ్లు, అట్టపెట్టెల ముఖభాగాలు రూపొందించడం నా వృత్తి. ఆ పనిలో భాగంగా ఫొటోలు తీయడమూ అలవాటైంది. ఈ రెండింటికీ సంబంధం లేదని చాలామంది అనుకుంటారు గానీ, రెండు చోట్లా తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే: చూసేవారి కన్ను ముందుగా దేని మీద పడాలి, ఆ తరువాత ఎటు వెళ్లాలి? సమతూకం, కాంట్రాస్ట్ (పక్కపక్కనున్నవాటి మధ్య తేడా), ఖాళీ స్థలం వంటి సూత్రాలు ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడానికి పనికివచ్చే సాధనాలు. ఆ ప్రశ్నను పక్కన పెట్టి సూత్రాలను మాత్రమే బట్టీ పట్టినప్పుడు కింద చెప్పిన అపోహలు పుడతాయి.

అపోహ: ముఖ్యమైన వస్తువును మూడో వంతు గీత మీద ఉంచితేనే ఫొటో బాగుంటుంది.

ఫ్రేమును మూడేసి సమభాగాలుగా విడదీస్తూ ఫోను కెమెరాలో కనిపించే అడ్డగీతలు, నిలువుగీతలు ఈ నమ్మకాన్ని బాగా పెంచాయి. ఈ నియమానికి పేరు పెట్టినవాడు జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లండ్ చిత్రకారుడు. 1797లో పల్లె దృశ్యాల చిత్రణ గురించి రాస్తూ, చిత్రాన్ని సమభాగాలుగా విడదీయకుండా నేలకు ఒక వంతు, ఆకాశానికి రెండు వంతులు ఇవ్వడం వంటి అసమాన విభజన కంటికి ఇంపుగా ఉంటుందని అతడు అభిప్రాయపడ్డాడు. అందులోని సారం ఏదో ఒక భాగానికి పెద్దపీట వేయమనడమే. నీటిలో ప్రతిబింబిస్తున్న కట్టడాన్నో, సూటిగా కెమెరా వైపు చూస్తున్న ముఖాన్నో సరిగ్గా మధ్యలో పెట్టినప్పుడు వచ్చే నిశ్చలత్వం, గీత మీదికి జరిపితే చెదిరిపోతుంది. మనిషి పక్కకు చూస్తున్నప్పుడు మాత్రం చూపు సాగే వైపు కొంత జాగా వదిలితే మంచిది, ఎందుకంటే మన కన్ను కూడా ఆ చూపు వెంటే వెళుతుంది.

నా దృష్టిలో గీతల కన్నా అంచులు, నేపథ్యం చాలా ముఖ్యం. దేనిని వస్తువుగా, దేనిని దాని వెనుక తలంగా మన చూపు విడదీసుకుంటుందో డెన్మార్క్ మనస్తత్వవేత్త ఎడ్గర్ రూబిన్ 1915లోనే వివరంగా రాశాడు. పూలకుండీగానూ, ఎదురెదురు ముఖాలుగానూ కనిపించే బొమ్మ ఆయన పేరుతోనే ప్రసిద్ధమైంది. నల్లని జుట్టు వెనుక నల్లని తలుపు ఉన్నప్పుడు తల ఎక్కడ ముగుస్తుందో తెలియదు. తల వెనుక స్తంభం నిలబడి ఉంటే అది తలలోంచే మొలిచినట్టు కనిపిస్తుంది. రెండింటికీ మందు ఒక్కటే: తీసేవారు ఒక అడుగు పక్కకు జరగడం. బటన్ నొక్కేముందు ముఖాన్ని వదిలేసి ఫ్రేము నాలుగు అంచులనూ ఒకసారి చుట్టి చూడటం అలవాటు చేసుకుంటే, సగం తెగిన చేతులూ, మూలన పడి ఉన్న ఎర్రటి సంచులూ ముందే కంటపడతాయి.

అపోహ: పెట్టె కొలతలు బంగారు నిష్పత్తిలో ఉంటే అందం దానంతట అదే వస్తుంది.

పొడవు వెడల్పుకు 1.618 రెట్లు ఉండే ఈ నిష్పత్తికి దగ్గరగా ఉన్న దీర్ఘచతురస్రాలనే ఎక్కువమంది ఇష్టపడ్డారని జర్మన్ మనస్తత్వవేత్త గుస్టావ్ ఫెక్నర్ 1876లో ప్రకటించిన మాట నిజమే. తరువాతి కాలపు పరీక్షల్లో మాత్రం ఆ ఫలితం నిలకడగా రాలేదు. నిజానికి పెట్టె కొలతలను నిర్ణయించేవి లోపలి వస్తువు పరిమాణం, అట్ట షీటులో వృథా కాకుండా ఎన్ని పెట్టెలు వస్తాయన్న లెక్క, అరల ఎత్తు.

అపోహ: ఖాళీగా వదిలిన జాగా వృథా అయినట్టే.

లేబుల్ చేయించుకునేవారి నుంచి నేను తరచుగా వినే మాట ఇది: ఇంత చోటు ఉంది కదా, పేరు ఇంకొంచెం పెద్దది చేయండి, ఆ నాలుగు సుగుణాలనూ బోల్డ్‌లో పెట్టండి, మూలన ఒక చుక్క గుర్తు వేయండి. పదిమంది ఒకేసారి గొంతెత్తితే ఎవరి మాటా వినపడనట్టే, అన్నీ పెద్దవైన లేబుల్ మీద ఏదీ పెద్దదిగా కనపడదు. దగ్గరగా ఉన్నవాటిని మన చూపు ఒక గుంపుగా భావిస్తుందని మనస్తత్వవేత్త మాక్స్ వెర్ట్‌హైమర్ 1923లో చుక్కల వరుసలతో చూపించాడు. దీనిని లేబుల్‌కు అన్వయిస్తే, ఒక గుంపు లోపలి పంక్తుల మధ్య ఎడం కన్నా గుంపుకూ గుంపుకూ మధ్య ఎడం స్పష్టంగా ఎక్కువ ఉండాలి. సరుకు పేరు, దాని రకం ఒక గుంపు. బరువు, తయారీ వివరాలు మరొక గుంపు. వాడే విధానం ఇంకొకటి. ఎడం సరిగ్గా కుదిరితే గీతలు, డబ్బీలు, రంగుపట్టీలు చాలావరకు అనవసరమవుతాయి. ఆల్బమ్ పేజీలో ఫొటోలు అమర్చేటప్పుడూ ఈ పద్ధతే పనిచేస్తుంది: ఒకే సందర్భానికి చెందినవాటిని చేరువగా పెట్టి, మరో సందర్భానికి ముందు తెల్లని జాగా వదిలితే శీర్షికలు లేకపోయినా అర్థమవుతుంది.

అపోహ: ఎంత తీసేస్తే డిజైన్ అంత మంచిది.

ఇది పై అపోహకు అవతలి కొస. 2009 ఆరంభంలో అమెరికాలో ట్రాపికానా నారింజరసం పెట్టె మీద స్ట్రా గుచ్చిన నారింజపండు బొమ్మను తీసేసి, గ్లాసులో రసంతో శుభ్రంగా కనిపించే కొత్త రూపం తెచ్చారు. అమ్మకాలు సుమారు 20 శాతం పడిపోవడంతో రెండు నెలలు గడవకముందే పాత పెట్టెనే తిరిగి తెస్తామని ప్రకటించారు. కొనేవారు పెట్టెను గుర్తుపట్టడానికి ఆధారపడిన ఆనవాళ్లు కొత్త రూపంలో మాయమయ్యాయన్నది ఈ ఉదంతానికి ఎక్కువగా చెప్పే వివరణ, దానితో నేనూ ఏకీభవిస్తాను. తీసేయాలనుకున్న ప్రతిదాని గురించీ అది అలంకారమా, ఆనవాలా అని ముందుగా విచారించాలి.

అపోహ: రంగులు ఎంత గాఢంగా ఉంటే అంతగా కంటికి ఆనుతాయి.

ఏ రంగైనా పక్కనున్న రంగును బట్టే కనిపిస్తుంది. పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో రంగుల అద్దకాన్ని పర్యవేక్షించిన రసాయన శాస్త్రవేత్త షెవ్రల్, నల్లదారం వెలవెలబోతోందన్న ఫిర్యాదును పరిశీలించి, లోపం అద్దకంలో లేదనీ, పక్కనున్న దారాల రంగుల వల్లనే నలుపు అలా కనిపిస్తోందనీ గ్రహించాడు. ఆ పరిశీలనలను 1839లో గ్రంథంగా ప్రచురించాడు. చదవగలిగేలా ఉండటానికి గాఢత కన్నా వెలుగు నీడల తేడా ముఖ్యం. ఎరుపు మీద ఆకుపచ్చ అక్షరాలు రెండూ ఒకే వెలుగుస్థాయిలో ఉంటే కళ్ల ముందు అదిరినట్టుంటాయి, వర్ణాంధత్వం ఉన్నవారికైతే దాదాపు కలిసిపోతాయి. అందుకే డిజైన్‌నైనా, ఫొటోనైనా ఒకసారి నలుపు తెలుపులోకి మార్చి చూడమంటాను. అప్పుడు కూడా ముందు కనిపించవలసినదే ముందు కనిపిస్తే రంగులు తమ పని చేస్తున్నట్టే.

అపోహ: దగ్గరగా తీసిన ముఖం వికారంగా వస్తే తప్పు లెన్సుదే.

ముక్కు పెద్దదిగా కనిపించడానికి కారణం దూరం. ముక్కు కొనకూ చెవికీ మధ్య సుమారు 12 సెంటీమీటర్లు అనుకుందాం. కెమెరా ముక్కుకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చెవి 42 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది కనుక, ముక్కు చెవితో పోలిస్తే 1.4 రెట్లు పెద్దదిగా నమోదవుతుంది. అదే 150 సెంటీమీటర్ల నుంచి తీస్తే ఆ తేడా 1.08 రెట్లకు తగ్గిపోతుంది. వెనక్కి జరిగి, జూమ్ చేసుకుంటే లేదా తరువాత క్రాప్ చేసుకుంటే చాలు. పెట్టెల ఫొటోల్లో అంచులు వాలిపోయినట్టు వచ్చినప్పుడు కూడా నేను ముందుగా చేసేది ఇదే: వెనక్కి జరిగి, కెమెరాను పెట్టె ఎత్తుకు మధ్యలో నిటారుగా నిలపడం.

అపోహ: బార్‌కోడ్ కూడా డిజైన్‌లో ఒక భాగమే కాబట్టి దానికీ మన రంగులు వేయవచ్చు.

ప్యాకెట్‌ను చూసేది మనిషి కన్ను ఒక్కటే కాదు. ఎర్రని కాంతితో చదివే స్కానర్‌కు ఎరుపు కూడా తెలుపులాగే తోస్తుంది కాబట్టి, తెల్లని తలం మీద ఎర్రని గీతలు దానికి ఖాళీ కాగితంతో సమానం. గీతలకు నలుపు, ముదురు నీలం క్షేమకరం. ఇక్కడ కూడా ఖాళీ స్థలానికి లెక్క ఉంది: సరుకుల మీద ఉండే 13 అంకెల బార్‌కోడ్ రకమైన ఈఏఎన్ కోడ్‌కు, అన్నిటికన్నా సన్నని గీత వెడల్పును కొలమానంగా తీసుకుని, ఎడమవైపు 11 రెట్లు, కుడివైపు 7 రెట్లు ఖాళీగా వదలాలి. లేబుల్ నిండిపోయిందని ఆ జాగాలోకి అక్షరాలు జరిపితే సరుకు బిల్లింగ్ దగ్గర ఆగిపోతుంది. అందుకే అసలు సైజులో ప్రింటు తీసి, డబ్బాకు చుట్టి, స్కానర్‌తో చదివించిన తరువాతే నేను ఫైలును ప్రెస్‌కు పంపుతాను.