ఎంబీఏకి అప్పు చేసే ముందు: అపోహలు - వాస్తవాలు

ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో బ్యాంకుకు వచ్చే తల్లిదండ్రుల చేతిలో రెండు కాగితాలుంటాయి. ఒకటి ఫీజుల పట్టిక, రెండోది కాలేజీ వాళ్లిచ్చిన రంగుల బ్రోచరు. పట్టికలో మొత్తం 8 లక్షలు, బ్రోచరులో ‘హయ్యెస్ట్ ప్యాకేజీ 12 లక్షలు’ అని ఉంటే ఇక ఆలోచించేదేముంది, ఏడాదిలో తీరిపోయే అప్పే కదా అనుకుంటారు. ఒంగోలు, నెల్లూరు వైపు బ్రాంచీల్లో చదువు లోన్ల ఫైళ్లు చూసేవాడిగా నేను చెప్పేది ఒకటే. అప్పు తీరేది నెల జీతంలోంచి. అందుకని లక్షల లెక్క పక్కనపెట్టి నెల లెక్క వెయ్యాలి.

అపోహ: చదువు అయ్యేదాకా వడ్డీ ఉండదు.

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. కోర్సు కాలం, ఆపైన సాధారణంగా ఇంకో ఏడాది వరకు కిస్తీ కట్టమని బ్యాంకు అడగదు. అంతే తప్ప వడ్డీ ఆగదు. ఫీజు కాలేజీ ఖాతాలో పడ్డ రోజు నుంచే మీటరు తిరుగుతుంది.

లెక్క చూడండి. 11 శాతం వడ్డీకి మొదటి ఏడాది 4 లక్షలు, రెండో ఏడాది 4 లక్షలు తీసుకున్నారు. ఈ కాలానికి బారువడ్డీయే వేసినా మొదటి 4 లక్షల మీద మూడేళ్లకు 1,32,000, రెండో 4 లక్షల మీద రెండేళ్లకు 88,000. కిస్తీలు మొదలయ్యే నాటికి 8 లక్షల అప్పు 10,20,000 అయి కూర్చుంటుంది. దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు 14,050 రూపాయల దాకా కట్టాలి, ఏడేళ్లలో అయితే 17,500 దగ్గర. పదేళ్లకు కట్టే మొత్తం దాదాపు 17 లక్షలు.

చదువుకునే కాలంలోనే వడ్డీ మటుకు నెలనెలా కట్టుకుంటూ పోతే, అంటే మొదటి ఏడాది నెలకు 3,670, ఆ తర్వాత 7,330 చొప్పున కడితే, కిస్తీ 11,020కి దిగుతుంది. అలా కట్టేవాళ్లకు చాలా బ్యాంకులు ఆ కాలానికి వడ్డీలో 1 శాతం తగ్గిస్తాయి కూడా. “పొగాకు వేలం అయ్యాక ఒకేసారి కట్టేస్తాం సార్” అంటారు టంగుటూరు, కొండపి వైపు వాళ్లు. అలాగే కట్టండి, అభ్యంతరం లేదు. వేలం డబ్బు వచ్చిన వారంలో కట్టండి, పెళ్లిళ్ల సీజన్ దాకా ఆగొద్దు.

అపోహ: వడ్డీ అంతా ప్రభుత్వమే కడుతుంది.

కొందరికి కడుతుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉండి, ప్రొఫెషనల్ కోర్సులో చేరితే, కేంద్రం వడ్డీ సబ్సిడీ ఉంది. కాలేజీకి నాణ్యత చూసి ఇచ్చే న్యాక్ లేదా ఎన్‌బీఏ గుర్తింపు లాంటిది ఉండాలి. అది కూడా కిస్తీలు మొదలయ్యేదాకానే. చాలామందికి తెలియని మెలిక ఇంకొకటుంది: ఈ సబ్సిడీ ఒక్కసారే. బీటెక్‌కి వాడేసుకున్న అబ్బాయికి ఎంబీఏకి మళ్లీ రాదు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో 8 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు 10 లక్షల లోన్ వరకు 3 శాతం వడ్డీ రాయితీ ఉంది గానీ, అది ర్యాంకుల్లో ముందున్న సంస్థలకే. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో చేరకముందే విద్యాలక్ష్మి పోర్టల్‌లో చూసుకోవాలి.

అపోహ: 4.8 లక్షల ప్యాకేజీ అంటే నెలకు 40 వేలు.

ప్యాకేజీలో కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, ఏడాది చివర వస్తే వచ్చినట్టు లేకపోతే లేనట్టు ఉండే వేరియబుల్ పే అన్నీ కలిపే రాస్తారు. అవి తీసేసి, మన వాటా పీఎఫ్, వృత్తి పన్ను పోతే చేతికి 30 వేలు, మహా అయితే 33 వేలు. అందులోంచి 14 వేల కిస్తీ, హైదరాబాద్‌లో హాస్టల్‌కి ఏడెనిమిది వేలు. మిగిలిన దాంట్లో ఫోను, బస్సు, బట్టలు, పండక్కి ఊరికి రావడం. ఇంటికి పంపేదేమీ ఉండదు. కిస్తీ చేతికొచ్చే జీతంలో మూడో వంతు దాటకూడదని నేను చెబుతాను. ఆ ప్రకారం 14 వేల కిస్తీకి చేతికి 42 వేలు రావాలి, అంటే ఆరున్నర, ఏడు లక్షల ప్యాకేజీ. సీటిస్తున్న కాలేజీలో అంత ఎంతమందికి వచ్చిందన్నదే ప్రశ్న.

అపోహ: ట్యాక్స్‌లో తిరిగొస్తుంది.

చదువు లోన్ మీద పన్ను మినహాయింపు వడ్డీకే, అసలుకి కాదు. అదీ ఎనిమిదేళ్లే, పాత పన్ను విధానంలోనే. అయినా 4.8 లక్షల జీతానికి పన్నే పడదు కదా, మినహాయింపు దేనికి?

అపోహ: ఉద్యోగం రాకపోతే ఎన్నికల ముందు మాఫీ చేసేస్తారు.

2014 తర్వాత జరిగిన రుణమాఫీ ప్రధానంగా రైతుల పంట రుణాలకు సంబంధించింది. చదువు లోన్ దాంట్లోకి రాదు. పైగా ఇందులో తండ్రి కూడా సహ రుణగ్రహీత. కొడుకు మూడు కిస్తీలు ఎగ్గొడితే అప్పులు సరిగ్గా కడుతున్నారా లేదా అని చూపే తండ్రి సిబిల్ స్కోరు కూడా పడిపోతుంది. ఆ తర్వాత ట్రాక్టరుకో, రొయ్యల చెరువు ఏరేటర్లకో లోన్ అడిగితే ఆ మచ్చ ముందే కనిపిస్తుంది.

అపోహ: బ్యాంకు చుట్టూ తిరగడం కంటే ఊళ్లో తెచ్చుకోవడం నయం.

నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 8 లక్షలకు నెలకు 16 వేలు వడ్డీకే పోతుంది, అసలులో రూపాయి తరగదు. పైన చెప్పిన పదేళ్ల బ్యాంకు కిస్తీ కంటే ఇదే ఎక్కువ. హామీ పెట్టడానికి ఆస్తి లేదని జంకేవాళ్లు తెలుసుకోవాల్సింది: కేంద్ర రుణ హామీ పథకం కింద 7.5 లక్షల వరకు తనఖా లేకుండా లోన్ వస్తుంది. తిరగాల్సి వస్తుంది, నిజమే. తిరగండి.

అపోహ: ఏ కాలేజీలో చదివినా ఎంబీఏ ఎంబీఏనే.

జీతం విషయంలో అస్సలు కాదు. పేరున్న ఐఐఎంలో 20 లక్షలు దాటే ఫీజుకు అప్పు చేసినా నేను పెద్దగా భయపడను, అక్కడి జీతాలు ఆ కిస్తీని మోయగలవు. నాకు టెన్షన్ పుట్టించేది బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఎవరూ వినని కాలేజీ, మేనేజ్‌మెంట్ కోటా, 8 లక్షల ఫీజు. అక్కడ చదివినవాళ్లలో చాలామంది చివరికి చేరేది లోన్లు అమ్మే, ఇన్సూరెన్స్ అమ్మే సేల్స్ ఉద్యోగాల్లోనే. ఆ ఉద్యోగం కావలిలో బీకాం చదివినవాడికీ వస్తుంది. పైగా అతను ఈ రెండేళ్లూ నెలకు 15 వేల చొప్పున సంపాదించి ఉంటే అదొక 3.6 లక్షలు. ఆ మొత్తాన్ని కూడా ఎంబీఏ ఖర్చులోనే రాసుకోవాలి, ఎవరూ రాసుకోరు.

కాలేజీని హయ్యెస్ట్ ప్యాకేజీ అడగొద్దు, అది ఒక్కడిది. యావరేజీ కూడా వద్దు, ఇద్దరికి పెద్ద జీతాలొస్తే అది పైకి లేచిపోతుంది. కేంద్రం ఇచ్చే కాలేజీల ర్యాంకింగ్ ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు దరఖాస్తు చేసిన కాలేజీలు ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వాళ్ల జీతాల్లో సరిగ్గా మధ్యలో ఉన్న జీతమెంత అన్నవి రాసిస్తాయి. ఆ పత్రం కాలేజీ వెబ్‌సైట్‌లో ఉంటుంది. లేదంటే ఈ మూడు అంకెలూ కాగితం మీద రాసివ్వమనండి. దానికి తడబడితే, ఐసెట్ కన్వీనర్ సీటులో విక్రమ సింహపురి యూనివర్సిటీలోనో, ఒంగోలు ఆంధ్రకేసరి యూనివర్సిటీలోనో తక్కువ ఫీజుకు ఎంబీఏ చేయించండి. అప్పటికి అంత లోన్ అవసరమే ఉండకపోవచ్చు.