మత్తులో ఉన్న జంతువు, పనిచేస్తూనే ఉన్న నాడులు: ఓపియాయిడ్ పెప్టైడ్లపై అపోహలు - వాస్తవాలు

1975లో ఆబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్‌లిట్జ్ పంది మెదడు నుంచి రెండు ఎన్‌కెఫాలిన్లను వేరుచేసి, అవి ఒక్కొక్కటి అయిదేసి అమైనో ఆమ్లాల గొలుసులని చూపించారు. ఆ తరువాత బీటా-ఎండార్ఫిన్, డైనార్ఫిన్ వెలుగులోకి వచ్చాయి. శరీరం తనంతట తాను తయారుచేసుకునే, నల్లమందులా నొప్పిని తగ్గించే ఈ చిన్న ప్రోటీన్ ముక్కలు, అంటే ఓపియాయిడ్ పెప్టైడ్లు, ఎప్పుడు, ఎక్కడ, ఎంత విడుదలవుతాయో తెలుసుకోవడానికి జరిగిన ప్రయోగాలలో చాలా భాగం శస్త్రచికిత్సకు ఇచ్చే మత్తులో (అనస్థీషియాలో) ఉన్న ఎలుకలు, పిల్లులు, కుందేళ్ల మీద జరిగినవే. నొప్పి ఫార్మకాలజీలో పనిచేస్తున్నందువల్ల ఈ ఫలితాలను విద్యార్థులకు వివరించవలసిన సందర్భాలు నాకు తరచుగా వస్తుంటాయి. అప్పుడు మళ్లీ మళ్లీ ఎదురయ్యే అపోహలను ఇక్కడ చర్చిస్తున్నాను.

అపోహ: మత్తులో ఉన్న జంతువుకు నొప్పి తెలియదు కనుక దానిలో ఓపియాయిడ్ పెప్టైడ్లు విడుదల కావు.

వాస్తవం: నొప్పి అనేది స్పృహకు సంబంధించిన అనుభవం. గాయపు సంకేతం నాడుల వెంట ప్రయాణించడం వేరే సంగతి, దానికి స్పృహతో పనిలేదు. తగినంత మత్తులో ఉన్న ఎలుక కాలివేళ్ల మధ్య చర్మాన్ని ఫోర్సెప్స్‌తో నొక్కితే కాలు వెనక్కి లాక్కోదు. కానీ అదే సమయంలో ధమనిలోని గొట్టం ద్వారా నమోదవుతున్న రక్తపోటు గీతను గమనిస్తే, మత్తు కాస్త తేలికగా ఉన్నప్పుడు అది ఒక్కసారిగా పైకి లేచి నెమ్మదిగా దిగడం కనిపిస్తుంది. కాలు కదలకపోయినా సంకేతం వెన్నుపామును దాటి మెదడుకాండం దాకా చేరిందని, అక్కడి నుంచి రక్తపోటును పెంచే సింపథెటిక్ నాడులకు ఆజ్ఞ వెళ్లిందని ఆ గీత చెబుతోంది. వెన్నుపాము వెనుక కొమ్ములో ఎన్‌కెఫాలిన్ కలిగిన నాడీకణాలు ఉన్నది సరిగ్గా ఈ దారిలోనే.

టోనీ యాక్ష్, రాబర్ట్ ఎల్డే 1981లో ప్రచురించిన ప్రయోగం దీనికి మంచి ఉదాహరణ. మత్తులో ఉన్న పిల్లి వెన్నుపాము చుట్టూ కృత్రిమ మెదడు-వెన్నుద్రవాన్ని ప్రవహింపజేసి, బయటికి వచ్చిన ద్రవంలో మెట్-ఎన్‌కెఫాలిన్‌ను కొలిచారు. కాలిలోకి వెళ్లే సయాటిక్ నాడిని స్పర్శకు సంబంధించిన మందపాటి తంతువులు మాత్రమే స్పందించేంత తక్కువ తీవ్రతతో ప్రేరేపించినప్పుడు పెద్దగా మార్పు రాలేదు. నొప్పి సంకేతాలను మోసే సన్నని తంతువులు కూడా స్పందించేంతగా తీవ్రత పెంచినప్పుడు విడుదల పెరిగింది. అంటే జంతువుకు స్పృహ లేకపోయినా, ఏ రకం తంతువు పలికిందన్న తేడాను దాని వెన్నుపాము గుర్తించగలిగింది. ఈ రంగంలో నాకు అత్యంత విలువైనదిగా తోచే ఫలితం ఇదే.

అపోహ: సేకరించిన ద్రవంలో దొరికిన పెప్టైడ్ పరిమాణమే విడుదలైన పరిమాణం.

వాస్తవం: మన గొట్టంలోకి చేరేది మిగులు మాత్రమే. నెప్రిలైసిన్, అమినోపెప్టిడేజ్-ఎన్ వంటి ఎంజైములు ఎన్‌కెఫాలిన్‌ను విడుదలైన చోటనే అతి వేగంగా ముక్కలు చేస్తాయి. అందుకే ప్రయోగశాలలో ద్రవం చుక్క చుక్కగా పడే గొట్టాన్ని మంచులో నిలిపి, అందులో ముందుగానే ఆమ్లం వేసి ఉంచుతారు. థయోర్ఫాన్, బెస్టాటిన్ వంటి ఎంజైము నిరోధకాలను ప్రవాహంలో కలిపితే అదే ఉద్దీపనకు మరింత పెప్టైడ్ దొరుకుతుంది. నొప్పి కలిగించే ఉద్దీపన ఇచ్చినప్పుడు వెన్నుపాములోని మ్యూ గ్రాహకాలు (ఓపియాయిడ్లు అతుక్కునే అణువులు; అవి అతుక్కున్నప్పుడు ఇవి లోపలికి వెళ్తాయి) కణం లోపలికి వెళ్తున్నాయా లేదా అని సూక్ష్మదర్శిని కింద చూసిన పరిశోధకులకు కూడా, నిరోధకాలు లేనప్పుడు ఆ మార్పు కనబడలేదు. నిరోధకాలు ఇచ్చాక కనబడింది. కనుక ద్రవంలో పెప్టైడ్ దొరకనంత మాత్రాన విడుదల జరగలేదనడం తొందరపాటే అవుతుంది. మరోవైపు, యాంటీబాడీతో కొలిచే పద్ధతులలో పోలిక గల ఇతర ముక్కలు కూడా లెక్కలోకి వచ్చే ప్రమాదం ఉంది. అందుకే జాగ్రత్తపరులు తమ వ్యాసాలలో ‘ఎన్‌కెఫాలిన్ వంటి పదార్థం’ అనే రాస్తారు, ఆ జాగ్రత్తను సారాంశాలు రాసేవారు తొలగించకూడదు.

అపోహ: మత్తుమందు ఏదైనా ఒకటే, ప్రయోగానికి అది నేపథ్యం మాత్రమే.

వాస్తవం: మత్తుమందు కూడా ఒక ఔషధమే, అది ఫలితంలో పాలుపంచుకుంటుంది. ఈథర్ ఇవ్వడమే ఎలుకకు ఒత్తిడి. దానివల్ల మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి హార్మోన్లు పెరుగుతాయి. జైలజీన్ నారడ్రినలిన్‌కు స్పందించే ఆల్ఫా-2 గ్రాహకాల మీద పనిచేసి తనంతట తానే నొప్పి సంకేతాలను తగ్గిస్తుంది. పెంటోబార్బిటాల్ నిద్ర పుచ్చుతుంది కానీ దానికి నొప్పి తగ్గించే గుణం దాదాపు లేదు, శ్వాసను మాత్రం అణచివేస్తుంది. యురేథేన్ గంటల తరబడి నిలకడైన మత్తునిస్తుంది, అయితే అది క్యాన్సర్ కారకం కాబట్టి జంతువును తిరిగి మేల్కొల్పని ప్రయోగాలకే దానిని పరిమితం చేయాలి.

దీనికి అనుబంధంగా మరో అపోహ ఉంది, మత్తుమందులన్నీ ఎండార్ఫిన్ల ద్వారానే పనిచేస్తాయన్నది. 1977లో ఒక బృందం, ఓపియాయిడ్ గ్రాహకాలను అడ్డుకునే మందైన నలోక్సోన్ ఎలుకలలో సాధారణ మత్తును తగ్గిస్తుందని ప్రకటించింది, మరుసటి ఏడాదే మరో బృందం అలా జరగడం లేదని చూపింది. నైట్రస్ ఆక్సైడ్ సంగతి వేరు. అది కలిగించే నొప్పి నివారణను నలోక్సోన్ కొంతవరకు వెనక్కి తిప్పగలదని 1976 నుంచీ తెలుసు. మెదడుకాండంలో ఓపియాయిడ్ పెప్టైడ్లు విడుదలై, అక్కడి నుంచి వెన్నుపాముకు దిగే నారడ్రినలిన్ నాడులు ఉత్తేజితం కావడం దీనికి కారణం. అందువల్ల ఓపియాయిడ్ విడుదలను కొలిచే ప్రయోగంలో నైట్రస్ ఆక్సైడ్ వాడడం నాకు సమ్మతం కాదు.

అపోహ: నలోక్సోన్‌తో ఒక ప్రభావం తగ్గితే అది ఓపియాయిడ్ ప్రభావమేనని రుజువైనట్లే.

వాస్తవం: మోతాదు చెప్పకుండా ఈ మాట అనకూడదు. తక్కువ మోతాదులో నలోక్సోన్ ప్రధానంగా మ్యూ గ్రాహకాలను అడ్డుకుంటుంది, డెల్టా, కప్పా అనే ఇతర ఓపియాయిడ్ గ్రాహకాలకు ఎక్కువ మోతాదు కావాలి, ఇంకా పెంచితే నాడుల చురుకును తగ్గించే గాబా గ్రాహకాలను కూడా తాకుతుంది. పెంటోబార్బిటాల్ పనిచేసేది గాబా గ్రాహకాల మీదనే కాబట్టి, అటువంటి మత్తులో ఉన్న జంతువుకు భారీ మోతాదు ఇచ్చి చూసిన మార్పు మత్తు పలచబడడం వల్ల వచ్చిందేమోనన్న సందేహం తీరదు. ఓపియాయిడ్ గ్రాహకాలను అంటని ప్లస్ రూపపు (అద్దంలో ప్రతిబింబం వంటి అణువు) నలోక్సోన్‌ను పోలికగా వాడడం దీనికి సరైన విరుగుడు.

రక్తస్రావంపై జరిగిన పని ఇక్కడ గుర్తుంచుకోదగినది. స్పృహలో ఉన్న కుందేలు నుంచి రక్తం తీస్తుంటే మొదట రక్తనాళాలు కుంచించుకుని రక్తపోటు నిలబడుతుంది. ఒక స్థాయి దాటాక ఆ బిగింపు హఠాత్తుగా సడలి రక్తపోటు కూలిపోతుంది. ఈ రెండో దశను నలోక్సోన్ ఆపగలదు. అయితే మత్తు ఇచ్చిన జంతువులో ఈ రెండు దశల తీరు మారిపోతుంది, ఎంత మారుతుందన్నది మందును బట్టి ఉంటుంది. కాబట్టి మత్తులో నలోక్సోన్ పనిచేయలేదన్న ఫలితం, మేల్కొన్న జంతువులో ఓపియాయిడ్ల పాత్ర లేదని నిరూపించదు.

అపోహ: రక్తంలో బీటా-ఎండార్ఫిన్ పెరిగితే మెదడులోనూ పెరిగినట్లే.

వాస్తవం: రక్తంలోనిది ప్రధానంగా పిట్యూటరీ నుంచి వస్తుంది, ఒత్తిడిలో అది ఏసీటీహెచ్ అనే మరో పిట్యూటరీ హార్మోన్‌తో కలిసి విడుదలవుతుందని 1977లోనే తేలింది. అది మెదడులోకి సులువుగా ప్రవేశించదు.

అపోహ: ఇన్ని చిక్కులున్నప్పుడు మత్తు లేకుండా ప్రయోగం చేయడమే శాస్త్రీయం.

వాస్తవం: శస్త్రచికిత్సతో కూడిన ప్రయోగంలో ఆ ఆలోచనకే తావులేదు. జంతువులు బాధ అనుభవించకుండా తగినంత శక్తి గల మత్తుమందు ఇవ్వాలన్నది మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోనే ఉంది. కండరాలను స్తంభింపజేసే మందు ఇచ్చినప్పుడు కాలు లాక్కోవడం అన్న సూచన కూడా పోతుంది కనుక మత్తు లోతుపై మరింత నిఘా అవసరం. ముందుగా శస్త్రచికిత్స ద్వారా డయాలిసిస్ గొట్టాన్ని (కణాల మధ్య ద్రవం నుంచి చిన్న అణువులను వడగట్టే సన్నని గొట్టాన్ని) అమర్చి, జంతువు పూర్తిగా కోలుకున్న తరువాత మేల్కొని ఉండగా ద్రవాన్ని సేకరించే పద్ధతి అందుబాటులో ఉంది. మత్తులోనే చేయవలసి వచ్చినప్పుడు రెండు వేర్వేరు రకాల మత్తుమందుల కింద అదే ఫలితం వస్తుందేమో చూడాలి. మందు పేరు, మోతాదు, శరీర ఉష్ణోగ్రత, శస్త్రచికిత్స ముగిశాక తొలి నమూనా తీసేవరకు ఆగిన సమయం వ్యాసంలో తప్పనిసరిగా రాయాలి.