సరిహద్దు బడిలో సోషల్ క్లాసు: పర్లాకిమిడి చెప్పే పాఠం

లెక్కలకు, సైన్సుకు ట్యూషన్ పెట్టిస్తారు. సోషల్ దగ్గరికొచ్చేసరికి పరీక్ష ముందు రాత్రి బట్టీ పడితే సరిపోతుందంటారు. ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఈ మాట చెల్లదు. ఇంట్లో తెలుగు, బజార్లో తెలుగు, మరి రాష్ట్రం మాత్రం ఒడిశా ఎందుకైందని అక్కడి పిల్లవాడు అడిగితే జవాబు చెప్పాల్సింది సోషల్ మాస్టారే.

1936 ఏప్రిల్ 1 దాకా పర్లాకిమిడి, బరంపురం గంజాం జిల్లాలోనూ, జయపురం విశాఖపట్నం జిల్లాలోనూ ఉండేవి. అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీ కిందే. ఒడియావాళ్లకు సొంత రాష్ట్రం కావాలన్న ఉద్యమానికి పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పెద్ద దిక్కు. లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలోనూ ఆయన అదే వాదన వినిపించారు. అయినా 1933 నాటి బ్రిటిష్ ప్రభుత్వ శ్వేతపత్రం పర్లాకిమిడిని, జయపురాన్ని కొత్త రాష్ట్రంలో చేర్చలేదు. తర్వాత బ్రిటిష్ పార్లమెంటు సంయుక్త కమిటీ దగ్గర కథ మారింది. చివరికి మహారాజు పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైంది. ఊరు ఒడిశాకు వెళ్లింది, పక్కనున్న పాతపట్నం ఇటే మిగిలింది. జమీందారీ వేయించిన నౌపడ రైలు 1900లో పర్లాకిమిడికి వచ్చింది. ఆ రైలు బయల్దేరే నౌపడ ఇప్పుడు ఆంధ్రలో ఉంది.

ఈ విభజన నచ్చక 1936లో ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయినవారిలో గిడుగు రామమూర్తి ఒకరు. వ్యావహారిక భాషోద్యమం వల్ల ఆయన అందరికీ తెలుసు. కానీ పర్లాకిమిడిలో ఆయన ఉద్యోగం మొదలైంది బడిపంతులుగా, 1880లో. పిల్లలకు చరిత్ర చెప్పారు. పాఠ్యపుస్తకంతో సరిపెట్టుకోకుండా ముఖలింగం గుడి గోడల మీది శాసనాల లిపి సొంతంగా నేర్చుకుని చదివి, ఒకప్పుడు కళింగను ఏలిన గాంగ రాజుల మీద వ్యాసాలు రాశారు. అక్కడి కొండ ప్రాంతాల గిరిజనులైన సవరల భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం పుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపారు. సోషల్ ఎలా చెప్పాలో తెలియాలంటే నా దృష్టిలో ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక 1952–53లో మొదలియార్ కమిషన్ చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రాలను కలిపి సాంఘిక శాస్త్రంగా చెప్పమంది. చుట్టూ ఉన్న సమాజం పిల్లలకు అర్థం కావాలన్నది దాని ఉద్దేశం. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పాలని 1956లో రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేరింది. పుస్తకాలు మాత్రం రాష్ట్రానికొకటి. పూరీ జగన్నాథాలయం కట్టడం మొదలుపెట్టిన గాంగ రాజు అనంతవర్మ చోడగంగదేవుడి వంశం పాత రాజధాని కళింగనగరం. అది నేటి శ్రీకాకుళం జిల్లా ముఖలింగమేనని చాలామంది చరిత్రకారుల మాట. ఆ రాజు ఎవరివాడు? పర్లాకిమిడి పిల్లవాడికి గుడి ఒక రాష్ట్రంలో, రాజధాని ఇంకో రాష్ట్రంలో. రెండూ కలిపి చెప్పే మాస్టారు దొరికితే అదృష్టం.

మహారాష్ట్ర వైపూ ఇలాంటి కథే. నిజాం 1860లో బ్రిటిష్‌వాళ్లకిచ్చిన సిరోంచ ఇప్పుడు గడ్చిరోలి జిల్లాలో ఉంది. ఆదిలాబాద్ జిల్లాలోని రాజురా, కిన్వట్ 1956లో అటు వెళ్లాయి.

కొటియా గ్రామాల సంగతి ఇంకా తేలలేదు. కోరాపుట్ జిల్లా పొట్టంగికి, ఆంధ్రలోని సాలూరుకు మధ్య ఉన్న ఆ కొండ పల్లెల కోసం ఒడిశా 1968లోనే సుప్రీంకోర్టుకు వెళ్లింది. రేషన్ కార్డులూ, ఓటరు కార్డులూ రెండు వైపుల నుంచీ వస్తాయి. అక్కడి పిల్లలకు మ్యాప్ పాయింటింగ్‌లో రాష్ట్ర సరిహద్దు గీయమంటే, ఏ గీతకు మార్కులు వేయాలో దిద్దే మాస్టారికీ టెన్షనే.