కరోనా ఎన్వలప్ ప్రోటీన్ ట్యూబ్ చుట్టూ తిరిగే అపోహలు - వాస్తవాలు

రీకాంబినెంట్ ప్రోటీన్లు (జీన్ ముక్కని వేరే కణాల్లో పెట్టి చేయించేవి) తయారుచేసే పనిలో ఉన్నా కాబట్టి నాకు వచ్చే ఫోన్లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి "దీన్ని ముట్టుకుంటే కరోనా వస్తుందా", రెండోది "మీరిచ్చిన ప్రోటీన్ పనిచేయట్లేదు". మొదటిదానికి జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది, రెండోదాని కోసమే ఇదంతా రాస్తున్నా.

అపోహ: వైరస్ ప్రోటీన్ అంటే వైరస్ ముక్కే కదా, అంటుకుంటుంది.

అంటుకోదు. సార్స్-కోవ్-2 జీనోమ్ దాదాపు 30,000 అక్షరాల ఆర్ఎన్ఏ, అందులో ఎన్వలప్ జీన్ వాటా 228 అక్షరాలే. ఆ ముక్క ఒక్కదాన్నే ప్లాస్మిడ్‌లో (గుండ్రటి చిన్న డీఎన్ఏలో) పెట్టి బ్యాక్టీరియాతోనో కణాలతోనో ప్రోటీన్ చేయిస్తాం, అసలు వైరస్ ఎక్కడా ఉండదు, ప్రోటీన్ తనంతట తాను పెరగదు. గ్లవ్స్ మాత్రం వేసుకోండి, అది మామూలు ల్యాబ్ పద్ధతి.

అపోహ: ఎన్వలప్ ప్రోటీన్ అన్నా స్పైక్ అన్నా ఒకటే.

సగం గొడవలు ఇక్కడే పుడతాయి. వైరస్ పైన ఉండే కొవ్వు పొర పేరు ఎన్వలప్, ఆ పొరలో స్పైక్, మెంబ్రేన్, ఎన్వలప్ అని మూడు ప్రోటీన్లు ఉంటాయి, అంటే పొరకీ అందులో ఉన్న ఒక ప్రోటీన్‌కీ ఒకటే పేరు పెట్టేశారు. స్పైక్‌లో 1273 అమైనో ఆమ్లాలు (ప్రోటీన్ గొలుసులోని పూసలు), మెంబ్రేన్‌లో 222, ఎన్వలప్‌లో 75. వైరస్ లోపలికి దూరడానికి వాడుకునే ఏసీఈ2 అనే కణం మీది ప్రోటీన్‌ని పట్టుకునేది స్పైక్ ఒక్కటే. ఒక స్టూడెంట్ ఎన్వలప్ ప్రోటీన్‌ని ఎలైజా (అతుక్కుంటే రంగు వచ్చే పరీక్ష) ప్లేటుకి అతికించి, పైన ఏసీఈ2 పోసి, మూడు వారాలు రంగు రావట్లేదని తల పట్టుకుంది, పాపం ఆ అమ్మాయి చేతిలో తప్పేం లేదు, ఆర్డర్ ఫారంలో ఎవరో "కరోనా ఎన్వలప్ యాంటిజెన్" అని రాశారంతే. దీనికి తోడు దీని పొట్టి పేరు "ఈ". మన భాషలో దానితో ఇంకో చిక్కు, "ఫ్రీజర్‌లోంచి ఈ ప్రోటీన్ తీసుకురా" అంటే "ఏ ప్రోటీన్?" అంటారు, అందుకే మా దగ్గర నోటితో చెప్పేటప్పుడు కూడా ఎన్వలప్ అనే పూర్తిగా అంటాం.

టెస్టుల సంగతీ ఇంతే. 2020 జనవరిలో బెర్లిన్ షారిటే వాళ్ళిచ్చిన ఆర్టీపీసీఆర్ పద్ధతిలో మొదటి స్క్రీనింగ్ ఎన్వలప్ జీన్ మీదే, అది విని చాలామంది ర్యాపిడ్ కిట్లు కూడా ఎన్వలప్ ప్రోటీన్‌నే పడతాయనుకుంటారు. పీసీఆర్ చూసేది ఆర్ఎన్ఏని, ర్యాపిడ్ యాంటిజెన్ కిట్లు ఎక్కువగా పట్టేది న్యూక్లియోక్యాప్సిడ్ ప్రోటీన్‌ని, అంటే లోపల ఆర్ఎన్ఏని చుట్టుకుని ఉండేదాన్ని.

అపోహ: 75 అమైనో ఆమ్లాలేగా, ఒక్క పూటలో చేసేయొచ్చు.

పిట్ట కొంచెం కూత ఘనం అంటే ఇదే. చిన్నదే, కానీ సుమారు 8వ అమైనో ఆమ్లం నుంచి 38వ దాకా ఉన్న భాగం పొరలో దిగబడి ఉండే నూనె స్వభావం ముక్క, దానికి నీళ్ళంటే పడదు. పైగా ఐదు ప్రోటీన్లు కలిసి అయాన్లు పోయే చానెల్ కట్టుకుంటాయి, అందుకే ఎక్కువ చేయించబోతే మనం చేయించే బ్యాక్టీరియా ఈ-కోలై పెరగడమే మానేస్తుంది. ఎంబీపీ, సుమో లాంటి పెద్ద ట్యాగ్ (బాగా కరిగే ఇంకో ప్రోటీన్ తోక) తగిలిస్తే హాయిగా కరిగి ఉంటుంది, అది చూసి మనం సంబరపడి ట్యాగ్ కోసేస్తాం, అరగంటలో ట్యూబ్ మజ్జిగలా తెల్లబడి అడుగున ముద్ద కడుతుంది. డీడీఎం, డీపీసీ లాంటి డిటర్జెంట్ మొదటినుంచి చివరిదాకా ఉండాల్సిందే, "ఎందుకొచ్చిన సబ్బు" అని డయాలిసిస్ చేసి (సన్న పొరలోంచి వడకట్టి) తీసేస్తే ప్రోటీన్ కూడా దాంతో పాటే పోతుంది. 2020లో ఎన్ఎంఆర్ అనే అయస్కాంత పద్ధతితో తేల్చిన ఐదింటి గుంపు నిర్మాణం కూడా ఆ పొర భాగానిదే, మొత్తం ప్రోటీన్‌ది కాదు.

అపోహ: నానోడ్రాప్ (వెలుతురు ఎంత పీల్చిందో చూసి ప్రోటీన్ కొలిచే మెషీన్) ఎంత చూపిస్తే అంత ప్రోటీన్ ఉన్నట్టే.

280 నానోమీటర్ల దగ్గర వెలుతురుని బాగా పీల్చేది ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం, ఎన్వలప్ ప్రోటీన్‌లో అది ఒక్కటి కూడా లేదు, ఉన్నవల్లా అంతకన్నా తక్కువ పీల్చే నాలుగు టైరోసిన్లు. లెక్కేస్తే మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము ఉన్నా రీడింగ్ 0.7 దగ్గరే వస్తుంది, మెషీన్‌లో మామూలు సెట్టింగ్ మార్చకపోతే తక్కువ ఉందనుకుంటాం. దీనికి పూర్తి ఉల్టా కేసు కూడా చూశా, నేనే చేశా కాబట్టి బాగా గుర్తు. ప్రోటీన్‌ని శుద్ధిచేసే కాలమ్ నుంచి వచ్చిన ప్రతి ఫ్రాక్షన్‌లోనూ (విడిగా పట్టిన ట్యూబులోనూ) బ్రహ్మాండమైన రీడింగ్, ఆరు ట్యూబులు కలిపేసి పండగ చేసుకున్నా, ప్రోటీన్లని సైజు వారీగా విడదీసే జెల్ మీద చూస్తే ఒక్క బ్యాండ్ లేదు. బఫర్‌లో (ప్రోటీన్ ఉంచే ద్రావణంలో) ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్ ఉంది, అది స్వయంగా 280 దగ్గర పీల్చుకుంటుంది, నేను బ్లాంక్ (సున్నా రీడింగ్) పెట్టిందేమో ఉత్త నీళ్ళతో. అంటే ఆరు ట్యూబుల సబ్బుని కొలిచానన్నమాట. బ్లాంక్ అదే బఫర్‌తో పెట్టండి, అనుమానముంటే డిటర్జెంట్‌ని తట్టుకునే బీసీఏ అనే రంగు పరీక్ష చేసుకోండి. ట్రైటాన్, ఎస్డీఎస్ డిటర్జెంట్లు ఉన్నచోట బ్రాడ్‌ఫర్డ్ అనే ఇంకో రంగు పరీక్ష జోలికి వెళ్ళొద్దు.

జెల్ అంటే గుర్తొచ్చింది, "8 కిలోడాల్టన్లు అన్నారు, 8 దగ్గర బ్యాండ్ లేదు, మోసం" అనేవాళ్ళు కూడా ఉన్నారు. కిలోడాల్టన్ అంటే ప్రోటీన్ బరువు కొలత, దానికి ట్యాగ్ బరువు కలుస్తుంది, పొర ప్రోటీన్లు జెల్‌లో వాడే ఎస్డీఎస్‌ని వేరేలా పట్టుకుంటాయి కాబట్టి సరిగ్గా లెక్క ప్రకారం పరిగెత్తవు, గుంపులు విడిపోక పైన ఇంకో బ్యాండ్ కనపడొచ్చు. మామూలు 12 శాతం జెల్‌లో ఐతే అన్నిటికన్నా ముందు పరిగెత్తే రంగుతో కలిసిపోయి కనపడకుండా పోతుంది, చిన్న ప్రోటీన్లకి వాడే ట్రైసిన్ జెల్ వేయండి.

అపోహ: మనుషుల కణాల్లో చేసిందే అసలైనది, ఈ-కోలైది చవక సరుకు.

ఏ ప్రోటీన్ అన్నదాన్ని బట్టి. స్పైక్‌కైతే ఒప్పుకుంటా, ఒక్కో స్పైక్ గొలుసు మీద చక్కెరలు అతికే చోట్లు 22 ఉన్నాయి, ఏసీఈ2ని పట్టే భాగంలోనే నాలుగు డైసల్ఫైడ్ బంధాలు (గంధకం ముడులు) ఉన్నాయి, మామూలు ఈ-కోలై అవి సరిగ్గా కట్టలేదు, కాబట్టి హెచ్ఈకే293 లాంటి మనిషి కణాలే నయం. అందులో కూడా 986, 987 స్థానాల్లో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లాలు పెట్టారా లేదా అడగండి, అవి లేకపోతే స్పైక్ ఆకారం తొందరగా మారిపోతుంది. ఎన్వలప్‌కి మాత్రం ఈ-కోలై చాలు, ఊరికే ఎక్కువ డబ్బు పెట్టడం నాకైతే నచ్చదు.

అపోహ: 95 శాతం ప్యూరిటీ అని ఉంది, నేరుగా కణాల మీద పోసేయొచ్చు.

ఆ 95 జెల్ మీద ప్రోటీన్ బ్యాండ్లు చూసి చెప్పేది. ఈ-కోలై పైపొర నుంచి వచ్చే ఎండోటాక్సిన్ అనే విషం ప్రోటీన్ కాదు, ఆ జెల్‌లో అసలు కనపడదు. మాక్రోఫేజ్‌ల (రోగనిరోధక కణాల) మీద పోస్తే సైటోకైన్లు (వాపు సంకేతాలు) ఎగిరిపడతాయి, మనమేమో "ఎన్వలప్ ప్రోటీన్ వాపు తెప్పిస్తోంది" అని స్లైడ్ తయారుచేస్తాం. ఎండోటాక్సిన్ విలువ ఎంతో అడగండి, ప్లేటులో ఒక వెల్‌లో (గుంటలో) ఉత్త బఫర్ పోయండి ఎందుకంటే డిటర్జెంట్ కూడా కణాల్ని చంపుతుంది, ఇంకో వెల్‌లో మరగబెట్టిన ప్రోటీన్ పోయండి. మరగబెట్టాక కూడా అదే స్పందన వస్తుంటే అనుమానం ఎండోటాక్సిన్ మీదికే పోవాలి, అది వేడికి లొంగే రకం కాదు.

ఇక దాచుకోవడం. రాగానే చిన్న చిన్న ట్యూబుల్లోకి పంచి మైనస్ 80లో పెట్టండి, ఒకే ట్యూబుని పదిసార్లు కరిగించి గడ్డకట్టించి "లాట్ బాలేదు" అనకండి. అయినా పనిచేయకపోతే తప్పకుండా ఫోన్ చేయండి, కాకపోతే లాట్ నంబర్, ట్యాగ్, మీరు కలిపిన బఫర్ చేతిలో పెట్టుకుని చేయండి, "ఏ బఫర్?" అంటే "మామూలు బఫరే" అన్న జవాబుతో నేను చేయగలిగిందేం లేదు.