విసురు గాలికి రెక్క ఆలస్యంగా స్పందించడం వెనుక కథ

రేణిగుంట విమానాశ్రయంలో దిగే విమానాల రెక్కలకూ, తిరుమల కొండల్లో కాకులకొండ వద్ద తిరిగే గాలిమరల రెక్కలకూ ఉన్న సమస్య ఒక్కటే: వాటికి ఎదురయ్యే గాలి ఒకే తీరున ఉండదు. శేషాచలం వాలును ఢీకొన్న గాలి పైకి లేచి, సుళ్లు తిరిగి, ఉన్నట్టుండి విసురుగా తగులుతుంది. ఆ క్షణంలో రెక్క మీది లిఫ్ట్, అంటే దాన్ని పైకెత్తే బలం, ఎలా మారుతుందన్న ప్రశ్నకు వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

నిలకడ గాలిలో లిఫ్ట్‌కు మూలం రెక్క చుట్టూ ఏర్పడే గాలి ప్రసరణేనని 1902లో జర్మన్ గణితవేత్త కుట్టా, 1906లో రష్యన్ శాస్త్రవేత్త జుకోవ్‌స్కీ చూపారు. 1915లో ఏర్పడిన అమెరికా విమానశాస్త్ర సలహా సంఘం, అంటే నాకా, తన ఒకటో నంబరు నివేదికనే విసురు గాలుల్లో విమానాల ప్రవర్తనకు కేటాయించింది. అయితే ఆనాటి గణితం, గాలి మారిన వెంటనే బలమూ మారుతుందన్న ఊహపైనే నడిచింది.

ఆ ఊహను సరిదిద్దింది 1925లో ఆస్ట్రియాకు చెందిన శాస్త్రవేత్త హెర్బర్ట్ వాగ్నర్. గాలిని రెక్క ఎదుర్కొనే కోణం హఠాత్తుగా పెరిగితే దాని చుట్టూ ప్రసరణ పెరగాలి. కానీ మొత్తం ప్రసరణ మారకూడదన్న కెల్విన్ సూత్రం ప్రకారం, రెక్క తన వెనుక అంచు నుంచి వ్యతిరేక దిశలో తిరిగే సుడులను విడిచిపెట్టక తప్పదు. ఆ సుడులు దగ్గరలో ఉన్నంతసేపూ లిఫ్ట్‌ను తగ్గిస్తూనే ఉంటాయి. అందుకే వాగ్నర్ లెక్కలో లిఫ్ట్ తుది విలువలో సగంతో మొదలై, రెక్క తన వెడల్పుకు (ముందు అంచు నుంచి వెనుక అంచు దాకా ఉన్న దూరానికి) ఆరేడు రెట్ల దూరం సాగేసరికి గానీ 90 శాతానికి చేరదు. ఈ రంగం మొత్తానికి నిజమైన పునాది ఇదేనని నా అభిప్రాయం, ఎందుకంటే రెక్క మీది బలం ఈ క్షణపు గాలిని బట్టే కాక, గడచిన క్షణాల్లో వదిలిన సుడులను బట్టి కూడా ఉంటుందని తొలిసారి అంకెల్లో తేలింది.

1935లో నాకా శాస్త్రవేత్త థియోడోర్సెన్ ఊగిసలాడే రెక్క మీది లిఫ్ట్‌కు సూత్రం ఇచ్చారు. ఆ మరుసటి ఏడాది జర్మన్ శాస్త్రవేత్త కుస్నర్ విసురు గాలినే నేరుగా తీసుకున్నారు: విసురు అంచులోకి రెక్క ముందు భాగం నుంచి క్రమంగా ప్రవేశిస్తుంది కనుక, అదనపు లిఫ్ట్ సగంతో కాక సున్నాతో మొదలవుతుంది. ప్రసిద్ధ విమానశాస్త్రవేత్త వాన్ కార్మన్ శిష్యుడు విలియం సియర్స్ 1941లో అలలుగా వచ్చే గాలిని పరిశీలించి, అలల పొడవు తగ్గేకొద్దీ లిఫ్ట్‌లో హెచ్చుతగ్గులు చిన్నవవుతాయని చూపారు. రెక్కలో ఒక భాగాన్ని గాలి పైకి నెడుతుంటే మరో భాగాన్ని కిందికి నెడుతూ ఉండడమే దానికి ముఖ్య కారణం.

ఈ సిద్ధాంతాలన్నీ విసురు చిన్నదనీ, గాలి రెక్కను అంటిపెట్టుకునే సాగుతుందనీ అనుకుంటాయి. సెకనుకు 70 మీటర్ల వేగంతో వచ్చే విమానానికి సెకనుకు 5 మీటర్ల నిలువు విసురు తగిలితే కోణంలో మార్పు సుమారు 4 డిగ్రీలే కనుక ఆ ఊహ నిలుస్తుంది. సెకనుకు 10 మీటర్ల వేగంతో ఎగిరే రెక్కల డ్రోన్‌కు అదే విసురు తగిలితే మార్పు 26 డిగ్రీలు దాటుతుంది. ముందు అంచు వద్ద గాలి విడిపోయి పెద్ద సుడి కడుతుంది, ఆ సుడి రెక్కపై ఉన్నంతసేపూ లిఫ్ట్ బాగా పెరిగి, అది జారిపోగానే పడిపోతుంది. ఇక్కడ పాత సూత్రాలు చాలవు, అందుకే పరిశోధన నేటికీ సాగుతోంది.

తిరుపతికి సమీపంలో గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల 53 మెగాహెర్ట్జ్ రాడార్‌తో గాలి నిలువు వేగాన్ని సైతం కొలుస్తోంది. అయితే ఆ కొలత సాధారణంగా 150 మీటర్ల మందం గల పొరలకు సగటుగా వస్తుంది. డ్రోన్ రెక్కను కుదిపే విసురు అంతకన్నా ఎంతో చిన్నది కనుక, దాన్ని పట్టుకోవడానికి రెక్క మీదనే అమర్చే పీడన కొలమానాలు అవసరమవుతాయి.